గెలవనివాడి ఖరీదు

బొగొటా, 9 మార్చి 1987

ప్రియమైన నాన్నకు,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. అమ్మని కూడా పిలువు. నష్టపరిహారం లెక్కగట్టే నిపుణుల జాబితాలోంచి కోర్టువాళ్ళు నా పేరు రెండుసార్లు కొట్టేశారు కదా. ఈసారి కొట్టెయ్యలేదు. జాబితాకెక్కిన పదిహేను రోజులకే ఒక కేసు కూడా నా చేతిలో పెట్టారు. ఈ కోర్టులో ఒక ఆడమనిషి చేత లెక్క కట్టించడం ఇదే మొదలట. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి లెక్కలన్నీ కట్టిన ముసలి ఉర్దానేతా గారు మెట్ల మీద ఎదురై, "అమ్మాయ్, లారీ కింద పడ్డ ఆవుకి ధర కట్టడం కాదిది, చూసుకో!" అన్నారు. "మీరు ఆవులతో మొదలుపెట్టారేమో, నేను మనిషితోనే మొదలుపెడుతున్నానండీ" అన్నాను. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

కేసు బెలార్మీనో టిబదూయిసాది. పేరు నీకు కొత్త కాదు, కెప్టెన్ పిన్సోన్ సైకిల్ రేసు జట్టులో తొక్కేవాడు. పోయిన ఆగస్టులో మన ఫ్రైలెహోన్ కనుమ దాటి దిగుడు మొదలైన చోట, రేసు వెంట వచ్చే కూల్‌డ్రింకుల కంపెనీ వ్యాను అతన్ని కొట్టింది. తుంటి, మోకాలు నుజ్జయ్యాయి. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఇక సైకిలెక్కలేడు. ఆ వ్యాను కొట్టకపోతే ఈ మనిషి జన్మంతా ఎంత సంపాదించేవాడు, ఇప్పుడెంత సంపాదించగలడు, మధ్య తేడా ఎంత? అదొక్కటే నా పని. తప్పెవరిదన్నది జడ్జి గారు చూసుకుంటారు.

బీమావాళ్ళు ఏమంటున్నారో తెలుసా? ఏడేళ్ళలో ఒక్క రోజు కూడా గెలవలేదు, గెలవనివాడికి ఖరీదేమిటి, రెండేళ్ళ కూలి ఇచ్చి పంపెయ్యండి అంటున్నారు. అతని లాయరేమో యూరప్ వెళ్ళి చాంపియన్ అయ్యేవాడని చెప్పి, మన బొయాకా ప్రాంతం సగం కొనేసేంత సొమ్ము అడుగుతున్నాడు. ఇద్దరివీ కోతలే.

కక్షిదారుల్లో గానీ సాక్షుల్లో గానీ నా రక్తసంబంధీకులు లేరని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. మన వంశంలో సైకిలెక్కినవాడు తెయోఫిలో మావయ్య ఒక్కడే, ఆయనా నేరుగా కోళ్ళగూట్లోకే దిగాడు కాబట్టి ధైర్యంగా చేశాను.

ఇప్పుడు నువ్వు నాకు పాఠం చెప్పాలి. రేసు రోజుల్లో రేడియో చెవికి కట్టుకుని తిరిగేవాడివి నువ్వే. ఇలాంటి వాళ్ళని గ్రెగారియో అంటారట కదా. గెలవని మనిషికి జీతం దేనికిస్తారు? అతను ఎన్నేళ్ళు తొక్కుతాడు?

నీ కూతురు,
ఒటీలియా


ఫ్రైలెహోన్ కనుమ, 20 మార్చి

నా ప్రియమైన ఒటీలియా తల్లికి,

నీ ఉత్తరం మీ అమ్మ మూడుసార్లు చదివించుకుని, పక్కింటికి తీసుకెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. దాని ఆనందం చూస్తే కోర్టు నిన్ను జడ్జిని చేసిందనుకుంటారు ఊళ్ళోవాళ్ళు. నాకూ ఛాతీ ఇంత వెడల్పైంది. రహదారి గ్యాంగులో ముప్పై నాలుగేళ్ళు పార పట్టినవాడి కూతురు కోర్టులో లెక్క చెప్పడమంటే మాటలా?

గ్రెగారియో సంగతి అడిగావు. జట్టులో ఎనిమిది మంది ఉంటారు. ఒకడు గెలవాలి, అందుకు ఏడుగురు అరగాలి. ఎదురుగాలిని వీళ్ళు తింటే వెనక కెప్టెన్ హాయిగా వస్తాడు. నీళ్ళ కోసం కారు దగ్గరికి వెనక్కి పోయి, ఆరు సీసాలు చొక్కాలో వేసుకుని, మళ్ళీ ఎక్కుడు ఎక్కి అందరికీ పంచేదీ వీళ్ళే. కెప్టెన్ చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేసి, రోడ్డు పక్కన సగం సైకిల్‌తో నిలబడిపోతారు.

బెలార్మీనో అందులో మొనగాడు. రెండేళ్ళ కిందట సోగమోసో రేసులో పిచ్చి పట్టినట్టు తొక్కి అందరికన్నా నాలుగు నిమిషాలు ముందున్నాడు. గమ్యం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. రేడియోలో వాళ్ళకి గొంతులు పోయాయి, మీ అమ్మ ఏడ్చేసింది. అంతలో వెనక పిన్సోన్‌కి శోష వచ్చిందని కబురొచ్చింది. బెలార్మీనో ఆగిపోయాడు! కాలు కింద పెట్టి, ఒక ప్రహరీ మీద కూర్చుని, కెప్టెన్ వచ్చేదాకా అరటిపండు తింటూ ఉన్నాడు. ఆయన్ని లాక్కుంటూ గమ్యం కనిపించేదాకా తెచ్చి, సత్తువ అయిపోయి పక్కకి తప్పుకున్నాడు. ఆ రేసు పిన్సోన్ గెలిచాడు. ఫలితాల కాగితంలో బెలార్మీనో పేరు పక్కన నలభై మూడు అని ఉంటుంది. నీ బీమావాళ్ళు చదివేది ఆ కాగితమే.

ఇంకో రెండు సంగతులు రాసుకో. గెలిచిన బహుమతిలో కెప్టెన్ ఒక్క పెసో ముట్టుకోడు, మొత్తం మోసినవాళ్ళకే పంచుతాడు. ఇది ఏ ఒప్పందంలోనూ ఉండదు. కానీ తప్పాడా, మర్నాడు వాడికి గుక్కెడు నీళ్ళిచ్చేవాడుండడు. రెండోది, గెలిచేవాడికి ముప్పై దాటితే జనం మొహం చాటేస్తారు. మోసేవాడు ముప్పై ఆరొచ్చినా అందరికీ కావాలి.

అలాంటి మనిషమ్మా. ఆ రోజు కూడా చూడు, కనుమ మీద మంచు, ఎముకలు కొరికే చలి. దిగుడులో గాలి ఛాతీని కోసేస్తుందని పైన నిలబడ్డ జనం దినపత్రికలు అందిస్తారు, తొక్కేవాళ్ళు చొక్కా లోపల దోపుకుంటారు. బెలార్మీనో రెండు అందుకున్నాడు. ఒకటి తనకి, రెండోది ఇరవై సెకన్లు వెనకున్న కెప్టెన్‌కి. చచ్చేంత చలిలో కూడా తన సంగతి ఒక్కటే చూసుకునే రకం కాదు.

లెక్క జాగ్రత్తగా కట్టు తల్లీ. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

నీ నాన్న,
ఎలియేసెర్


బొగొటా, 18 ఏప్రిల్

ప్రియమైన నాన్నకు,

బెలార్మీనో ఇంటికి వెళ్ళొచ్చాను. సోగమోసో దాటాక బస్సు దిగి, వానలో గంట నడక. ఇల్లు చిన్నది, ముందు ఉల్లి మడులు. కర్రల మీద గుమ్మంలోకి వచ్చి, "సుమెర్సే తడిసిపోయారు, లోపలికి రండి, ఆ గట్టు జారుతుందండీ" అన్నాడు. మన బొయాకావాళ్ళం పెద్దల్ని, పిల్లల్ని అందరినీ మర్యాదకి సుమెర్సే అంటాం సరే, ఈయన కోడిపెట్టని కూడా అలాగే అంటాడు. "సుమెర్సే కొంచెం పక్కకి జరగండి, కోర్టు అమ్మగారు కూర్చోవాలి" అన్నాడు దాంతో. అది జరిగింది కూడా.

పద్ధతి ప్రకారం ముందు నా ప్రమాణం కాగితం పైకి చదివాను, బంధువుల సంగతితో సహా. తర్వాత మాటల్లో మాటగా నువ్వు ఆ కనుమ రోడ్డు మీద పనిచేసినవాడివని, కంకర మిషనులో వేళ్ళు పోయాయని చెప్పాను. "అట్లాగా అండీ?" అని కాసేపు కోడికి గింజలేస్తూ ఉండిపోయాడు. ఆపైన సూపు పోశాడు, పని మొదలుపెట్టాం.

నాలుగు గంటలు కూర్చున్నాం. ఒక రోజు పని పొద్దున్నించి సాయంత్రం దాకా చెప్పమన్నాను. "ఏముందండీ, తొక్కడమే" అన్నాడు. మెల్లగా వచ్చింది. గాలి ఏ వైపునించి వస్తే కెప్టెన్‌ని ఏ భుజం వెనక పెట్టుకోవాలో, ఆయన ఊపిరి చప్పుడు విని ఎంత వేగం తగ్గించాలో, దాహం అని ఆయన అడక్క ముందే సీసా ఎప్పుడు ఇవ్వాలో చెప్పాడు. నాన్నా, ఇంత నేర్పు ఉన్న మనిషిని నేను ఈ నగరంలో ఏ ఆఫీసులోనూ చూడలేదు. నాకు తెలిసిన బ్యాంకు మేనేజర్లలో ఒక్కడికైనా అందులో పదో వంతు ఉంటే బాగుండును.

"మీరు గెలవగలిగేవారా?" అని అడిగాను. "లేదండీ" అన్నాడు. మన వాళ్ళ రోగం ఇదే కదా, తన గురించి తాను మంచి మాట చెప్పుకుంటే నాలుక ఊడి పడుతుందనుకుంటారు! చివర్లో, "ఆ యూరప్ సంగతి తీసెయ్యండి సుమెర్సే, అది మా లాయరు గారి కోరిక, నాది కాదు" అన్నాడు. తీసేశాను.

లెక్క ఇలా నడుస్తోంది. జీతం ఒక్కటే కాదు, బహుమతుల్లో వాటా కూడా అతని సంపాదనే. నువ్వు చెప్పిన మాట పట్టుకుని కెప్టెన్ పిన్సోన్ దగ్గరికి వెళ్తే ఏడేళ్ళ పంపకాలూ నోటితో చెప్పి సంతకం పెట్టాడు. ముప్పై ఆరు దాకా తొక్కేవాడని చూపడానికి పదకొండు మంది పాత గ్రెగారియోల వయసులు సేకరించాను. ఆ తర్వాత మామూలు మనిషిలా చేసుకోగలిగిన పనీ, ఇప్పుడీ కాలుతో చేసుకోగలిగిన పనీ పక్కపక్కన పెట్టి తేడా తీశాను. రాబోయే ఏళ్ళ సొమ్ము ఈ రోజే చేతికిస్తే వడ్డీ కలిసొస్తుంది కాబట్టి ఆ మేరకు కోశాను. అన్నిటికన్నా నాకు నచ్చింది వేరే ఉంది. అతను టైఫాయిడ్‌తో పడుకున్న ఏడాది పిన్సోన్ మొదటి పదిమందిలో కూడా లేడు. గెలవనివాడి ఖరీదు అతను లేని రోజున తెలుస్తుంది నాన్నా. ఈ వాక్యం నివేదికలో పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ఒక చిన్న సందేహం. ఆసుపత్రి కాగితాల్లో అతని ఒంటిమీది బట్టల జాబితా ఉంది. ఛాతీ మీద ఒక దినపత్రిక, వెనక జేబులో మడిచిన మరొకటి. ఈ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. రెండు పత్రికలని నీకెలా తెలుసు?

నీ ఒటీలియా


ఫ్రైలెహోన్ కనుమ, 2 మే

ప్రియమైన తల్లికి,

రేడియోలో చెప్పారు. లేకపోతే ఎవరో అనుకుంటుంటే విన్నాను. నాకు అరవై ఆరు, ఏది ఎక్కడ విన్నానో గుర్తుండదు. బస్సు డ్రైవరు చేత బంగాళాదుంపల బస్తా పంపుతున్నాను, తడి తగలనియ్యకు. మీ అమ్మ బాగానే ఉంది, నాతో మాత్రం సరిగ్గా మాట్లాడటం లేదు.

ఆ వాక్యం నివేదికలో పెట్టు.

నాన్న


బొగొటా, 30 జూన్

ప్రియమైన నాన్నకు,

నిన్న వాయిదా జరిగింది. నివేదిక సిద్ధంగా ఉంది, జూలై ఇరవైన దాఖలు చెయ్యాలి. జడ్జి గారు చిత్తుప్రతి చూసి, "ఇంత విపులమైన లెక్క ఈ బల్ల మీదికి రాలేదు" అన్నారు. ఉర్దానేతా గారు వెనక బెంచీలో కూర్చుని విన్నారు. సంతోషించాల్సిన రోజు. కాలేకపోయాను.

బీమా లాయరు కొత్త పాట ఎత్తుకున్నాడు. కనుమ మీద ఎవరో రోడ్డుకి అవతలివైపు నుంచి పత్రికలు అందించారట, బెలార్మీనో వాటికోసం రోడ్డు అడ్డంగా దాటాడట, చేతులు వదిలేసి చొక్కాలో దోపుకుంటూ వ్యానుకి అడ్డం పడ్డాడట. కాబట్టి తప్పులో సగం అతనిదే, ఏ లెక్క వచ్చినా సగం కొట్టెయ్యాలంటున్నాడు. సగం పోతే నాన్నా, ఆసుపత్రి అప్పు తీరాక అతనికి మిగిలేది ఉల్లి మడులే.

జడ్జి గారు బెలార్మీనోని అడిగారు.

"పత్రికలు ఎవరు ఇచ్చారు?"

"ఒక పెద్దమనిషండీ."

"అతని ముఖం చూశావా?"

"లేదండీ. మంచు పట్టేసింది."

"ఏ వైపు నిలబడ్డాడు?"

"నా వైపేనండీ, కొండవైపు."

"సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"నా మాటే ఉందండీ."

బీమా లాయరు నవ్వాడు. బెలార్మీనో తల వంచుకుని టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దమనిషి ఎక్కడున్నా వచ్చి ఒక్క మాట చెబితే చాలు కదా, ఏం చేస్తున్నాడు ఇన్నాళ్ళూ అనుకున్నాను.

తర్వాత నేను చేసిన పని చెబుతాను. మధ్యాహ్నం రేడియో స్టేషనుకి వెళ్ళి ఆ రోజు టేపు వేయించుకు విన్నాను. కనుమకి రెండు కిలోమీటర్ల ముందే వాళ్ళకి సిగ్నల్ పోయింది. పదకొండు నిమిషాలు సబ్బు ప్రకటనలు వేశారు. బెలార్మీనో పడ్డాడన్న సంగతి వాళ్ళకే అరగంట తర్వాత తెలిసింది. దినపత్రికల మాటే లేదు, ఇరవై సెకన్ల మాటే లేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వు మే నెలలో రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. తిన్నగా అడుగుతున్నాను, తిన్నగా చెప్పు. ఆ పెద్దమనిషివి నువ్వేనా?

ఒటీలియా


ఫ్రైలెహోన్ కనుమ, 6 జూలై

నా ప్రియమైన తల్లికి,

నేనే.

ఈ మాట మార్చిలోనే రాయాల్సింది. మీ అమ్మ ఆ రోజునుంచీ చెబుతూనే ఉంది, "తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళు కూర్చుంటావయ్యా?" అని. నీ ఉత్తరంలో ప్రమాణం సంగతి చదివినప్పుడే నాకు అర్థమైంది. నేను సాక్షినైతే నువ్వు దిగిపోవాలి. రెండుసార్లు నీ పేరు కొట్టేశారు. రెండోసారి నువ్వు ఇంటికొచ్చి, మూడు రోజులు పొయ్యి దగ్గరే కూర్చున్నావు, అది నేను చూశాను. మళ్ళీ నా వల్ల కొట్టెయ్యడమా? అప్పటికి తప్పు అతనిదని ఎవరూ అనలేదు కదా, నా సాక్ష్యంతో పనేముంది, కంపెనీ ఎలాగూ ఇస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. మనకి కావలసిన మాట చెప్పుకోడానికి మన నోరు ఎప్పుడూ సిద్ధమే.

చూసింది చూసినట్టు రాస్తాను. జనమంతా కనుమ పైన కట్టిన బ్యానరు దగ్గర ఉన్నారు. నేను ఎప్పటిలాగే రెండొందల గజాలు కిందికి, మొదటి మలుపుకి ముందు, కొండవైపు నిలబడ్డాను. చేతులు చలికి కొయ్యబారిపోయేది అక్కడే కాబట్టి పత్రిక అక్కడ అందాలి. బెలార్మీనో వచ్చాడు. "రెండండీ సుమెర్సే, కెప్టెన్‌కి కూడా" అన్నాడు. ఇచ్చాను. "దేవుడు మీకు మేలు చెయ్యాలి" అన్నాడు. ఒకటి వెనక జేబులో పెట్టి, ఒకటి లోపల దోపి, జిప్పు గడ్డం దాకా లాగి, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టాడు. అలా పెట్టాక అరవై అడుగులు పోయాడు. రోడ్డు దాటలేదు, చేతులు వదల్లేదు.

ఆ మలుపుకి మూడుసార్లు తారు వేసింది నా గ్యాంగే. బయటి అంచున ఎప్పుడూ కంకర చేరుతుంది, ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్ళీ అంతే. వ్యాను వెనకనుంచి వచ్చి, కంకర తప్పించుకోడానికి లోపలికి కోసింది. లోపల మనిషి ఉన్నాడు.

పరుగెత్తాను. అతని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంత నొప్పిలో ఏమన్నాడో తెలుసా? "కెప్టెన్‌ని ఆపండి సుమెర్సే, మలుపులో మనుషులున్నారని చెప్పండి, గుద్దుకుంటారు" అన్నాడు. రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులూపాను. పిన్సోన్ ఆగాడు. తర్వాత కార్లొచ్చాయి, డాక్టర్లొచ్చారు, ముసలాణ్ణి పక్కకి నెట్టేశారు. పేరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేను కోర్టుకి వస్తున్నాను. నీకు చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదని ముందు రాస్తున్నాను. కోపం వస్తే రానీ, అది నీ హక్కు. కానీ నా బిడ్డకి గొడుగు పట్టడానికి ఇంకొకడి బిడ్డని వానలో నిలబెట్టాను. అది నాకు మింగుడు పడటం లేదు.

నీ నాన్న,
ఎలియేసెర్


బొగొటా, 11 జూలై

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం తొమ్మిదిన అందింది. పదిన పొద్దున్నే జడ్జి గారి గదికి వెళ్ళి నీ ఉత్తరం చూపించాను. నా నివేదిక కవర్లో పెట్టి సీలు వేశారు, ఇక దాన్ని ఎవరూ చదవకూడదు. కొత్తగా లెక్క కట్టే పని ఉర్దానేతా గారికిచ్చారు. నాలుగు నెలల పని. బయటికొచ్చి బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. నీమీద కోపం కూడా వచ్చింది. నాకోసం దాచానంటావేమిటి, నన్నడిగి దాచావా? మార్చిలోనే చెప్పి ఉంటే ఆ రోజే తప్పుకునేదాన్ని, ఇంత దూరం ఎక్కి దిగాల్సిన పని ఉండేది కాదు.

ఈ రోజు కోపం తగ్గింది. నువ్వు రాసింది మళ్ళీ చదివాను. ఎవరూ పిలవకుండా, ఎవరూ వెతకకుండా, సొంత కూతురి పరువు మీద నుంచి నడుచుకుంటూ వచ్చి నిజం చెబుతానన్నావు. ఈ కోర్టులో నేను చూసిన సాక్షులందరూ పిలుపు వచ్చాక కూడా జ్వరం వచ్చిందనేవాళ్ళే. నాకు నీ కూతుర్నని చెప్పుకోవాలని ఉంది నాన్నా. ఇప్పుడు చెప్పుకోవచ్చు కూడా, దాచాల్సిందేమీ మిగల్లేదు కదా.

ఇక జాగ్రత్తలు. గోధుమరంగు ఉన్ని రువానా కప్పుకుని రా, ఆ చిరుగుది కాదు. అడిగినదానికే జవాబు చెప్పు. కంకర గురించి అడిగితే కంకర గురించి చెప్పు, 1958 వరదల దాకా వెళ్ళకు. లాయరు ఎగతాళి చేస్తే నువ్వు తిరిగి చెయ్యకు, నీ నోరు నాకు తెలుసు. ఆ రోజు నేను కోర్టుకి రాను. నువ్వూ నా ఇంటికి రాకు, అదే బస్సులో తిరిగి వెళ్ళిపో. తీర్పు వచ్చేదాకా ఈ కేసు గురించి నాకు ఒక్క అక్షరం రాయొద్దు. మనమిద్దరం కూడబలుక్కున్నామని ఎవడూ అనకూడదు.

అమ్మ నీతో మాట్లాడటం మొదలుపెట్టిందా?

నీ ఒటీలియా


ఫ్రైలెహోన్ కనుమ, 28 నవంబరు 1987

నా ప్రియమైన ఒటీలియా తల్లికి,

నాలుగున్నర నెలలు నోరు కట్టుకున్నాను. మొన్న తీర్పు వచ్చింది, ఇప్పుడు రాయొచ్చు. బెలార్మీనో తప్పు రవ్వంత కూడా లేదని జడ్జి గారు చదివారు. సగం కొట్టెయ్యలేదు. ఉర్దానేతా గారు కట్టిన మొత్తం మొత్తంగా ఇమ్మన్నారు. అది నీ లెక్కకన్నా ఎక్కువో తక్కువో నాకు తెలీదు, నీది కవర్లో ఉంది కదా. ఆసుపత్రి అప్పు తీరి, ఊళ్ళో ఒక దుకాణం పెట్టుకోడానికి సరిపడా మిగులుతుందని మాత్రం విన్నాను.

సెప్టెంబర్లో నా సాక్ష్యం రోజు సంగతి ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను, అది నువ్వు వినాలి.

గోధుమరంగు రువానాతోనే వెళ్ళాను. వరదల జోలికి పోలేదు. మలుపు బొమ్మ గీసి చూపించమన్నారు, గీశాను. బీమా లాయరు, "సంవత్సరం పైగా నోరు మూసుకుని ఇప్పుడొచ్చావేం తాతా?" అన్నాడు. "నా కూతురి కోసం మూసుకున్నాను, అది తప్పు, అందుకే వచ్చాను" అన్నాను. దాంతో వాడు బెలార్మీనో మీద పడ్డాడు.

"ఈ ముసలాయన్ని నువ్వు అప్పుడు గుర్తుపట్టలేదన్నావుగా? మరి ఆయనే ఇచ్చాడని ఇప్పుడెలా ఒప్పుకుంటావు?"

"నేనా మాట అనలేదండీ. ముఖం చూశావా అని అడిగారు, చూడలేదన్నాను. చెయ్యి చూశాను."

"చెయ్యేమిటి?"

"మూడు వేళ్ళ చెయ్యండీ. ఏడేళ్ళుగా ఆ మలుపులో పత్రిక ఆ చేతినుంచే తీసుకుంటున్నాను. కంకర మిషనులో వేళ్ళు పోయాయని ఒకసారి చెప్పారు కూడా."

నేను నా చెయ్యి రువానా లోపలికి దాచుకోబోయాను, జడ్జి గారు చూశారు. ఆయన బెలార్మీనో వైపు ముందుకి వంగి, "అయితే జూన్‌లోనే ఈయనెవరో తెలుసా నీకు?" అన్నారు.

"ఏప్రిల్లో తెలిసిందండీ. ఒటీలియా గారు ప్రమాణం కాగితం చదివి, తర్వాత వాళ్ళ నాన్నగారి పని, వేళ్ళ సంగతి చెప్పారు. అప్పుడు తెలిసింది."

"పేరు చెబితే నీకు రావలసింది మొత్తం వచ్చేది. చెప్పకపోతే సగం పోతుంది. తెలుసా అది?"

"తెలుసండీ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

బెలార్మీనో టోపీ తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఆవిడ వానలో నడిచి మా ఇంటికొచ్చారండీ. నాలుగు గంటలు కూర్చుని నేను పనెలా చేస్తానో అడిగారు. ఏడేళ్ళు తొక్కాను, అందరూ గెలిచినాయన్నే అడిగారు, ఆవిడ నన్నడిగారు. ఇదే తనకి మొదటి కేసని కూడా చెప్పారు. ఈ పెద్దాయన పేరు చెబితే ఆవిడ దిగిపోవాలి కదండీ. ఎక్కుడులో బాగా పోతున్న మనిషిని మనం దించకూడదు సుమెర్సే."

జడ్జిని సుమెర్సే అన్నాడు! ఎవరూ నవ్వలేదు. జడ్జి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నీ పేరు కాపాడుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను తల్లీ, అదీ ఇంకొకడి సొమ్ముతో. అతను తన సొమ్ముతో కాపాడాడు, తన కాలితో కాపాడాడు, ఎవరికీ చెప్పకుండా. నేను దాచినదాన్ని అతనూ దాచాడు. కానీ నాది పిరికితనం, అతనిది దొడ్డమనసు. ఈ రెంటికీ మధ్య తేడా ఎంతో లెక్క కట్టే నిపుణులు మీ కోర్టులో ఎవరైనా ఉంటే చెప్పు.

బయట మెట్ల మీద ఉర్దానేతా గారు నా మూడు వేళ్ళూ పట్టుకుని ఊపారు. "మీ అమ్మాయి కవరు నేను విప్పలేదండీ, చేతులు మాత్రం దురద పెట్టాయి" అన్నారు. జనవరిలో జాబితా కొత్తగా రాసేటప్పుడు నీ పేరు మొదట ఉండాలని తానే అడిగానని చెప్పారు. ఆవుల సంగతి నేను ఎత్తలేదు, చూడు, ఎంత బుద్ధిగా ఉన్నానో.

బెలార్మీనోని వచ్చే ఆదివారం భోజనానికి పిలిచాను. మొదట మొహమాటపడ్డాడు, తర్వాత, "ఒటీలియా గారు కూడా వస్తారాండీ?" అని అడిగాడు. వస్తుందని నేనే మాటిచ్చేశాను. మీ అమ్మ గోధుమరవ్వ కుచుకో సూపు వండుతోంది, పంది ఎముకలు కూడా తెప్పించింది. నాతో మాట్లాడుతోంది కూడా. పన్నెండింటికల్లా వచ్చెయ్. నువ్వొచ్చేదాకా అతను చెంచా ముట్టడు, సూపు చల్లారిందంటే మీ అమ్మ తిట్లన్నీ నాకే.

నీ నాన్న,
ఎలియేసెర్